ఆటలో గాయాలు – కత్తి పట్టని వైద్యం

టెక్సాస్ రాష్ట్రంలోని ఇర్వింగ్ నగరం పేరు క్రీడాభిమానులకు చిరపరిచితం. 1971 నుండి 2008 వరకు డాలస్ కౌబాయ్స్ ఫుట్‌బాల్ జట్టుకు ఇక్కడి టెక్సాస్ స్టేడియమే సొంత మైదానం. 2010 ఏప్రిల్ 11న ఆ కట్టడాన్ని పేల్చి నేలమట్టం చేసినా, దాని జ్ఞాపకాలు మాత్రం చెరిగిపోలేదు. ఆ జట్టు ఆటగాడు ఎమ్మిట్ స్మిత్ 1994 జనవరి 2న న్యూజెర్సీలో జరిగిన పోటీలో భుజం కీలు దెబ్బతిన్నప్పటికీ మైదానం వీడక, అదనపు సమయం వరకు ఆడి జట్టును గెలిపించిన ఉదంతాన్ని అభిమానులు నేటికీ గర్వంగా చెప్పుకుంటారు.

అటువంటి ఆటగాని వెనుక వైద్యులు, శిక్షకులు, వ్యాయామ చికిత్సకులు సిద్ధంగా ఉంటారు. దేహాన్ని ఆటకు తగినట్లు మలచుకోవడమే అతని వృత్తి. లాస్ కొలీనాస్ కార్యాలయాలలో వారంలో అయిదు రోజులు కుర్చీకి అతుక్కొని పనిచేసి, శనివారం ఉదయం క్రికెట్ బ్యాటో బ్యాడ్మింటన్ రాకెట్టో అందుకొనే నలభై ఏళ్ల తెలుగు ఉద్యోగి పరిస్థితి వేరు. పొరుగున ఉన్న గ్రాండ్ ప్రెయిరీలో 2023లో క్రికెట్ స్టేడియం ప్రారంభమైంది. 2024లో అక్కడ టి-20 ప్రపంచ కప్ పోటీలు కూడా జరిగాయి. ఉత్సాహం పెరిగింది, దానితోపాటు పిక్క పట్టివేతలు, మడమ నొప్పులు, మోకాలి వాపులు కూడా మన ఇళ్లకు అతిథులుగా వచ్చాయి.

ఇలా గాయపడినవారు సాధారణంగా రెండు పొరపాట్లలో ఏదో ఒకటి చేస్తుంటారు. కొందరు నొప్పి మాత్ర వేసుకొని మరుసటి వారమే మైదానంలోకి దిగుతారు. మరికొందరు నెలల తరబడి కాలు కదపకుండా కూర్చొని, చివరకు ఆపరేషనే గతి అని నిశ్చయించుకుంటారు. కండరాలకు, కీళ్లకు తగిలే గాయాలలో అధిక భాగం శస్త్రచికిత్స లేకుండానే నయమవుతాయి. అయితే అవి వాటంతట అవే నయం కావు. తగిన సమయంలో, తగిన మోతాదులో గాయపడిన భాగానికి పని కల్పించాలి. ఆ మోతాదు ఎలా నిర్ణయమవుతుంది, కత్తి అవసరం ఎప్పుడు కలుగుతుంది అన్న విషయాలను తెలిసికొనడం ఆటగాళ్లకే కాక, వారి కుటుంబాలకు కూడా మేలు చేస్తుంది.

గాయపడేది ఏది?

కండరం ఎముకను కదిలిస్తుంది. ఆ కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే గట్టి పగ్గమే టెండన్, అనగా స్నాయుబంధనం. ఒక ఎముకను మరొక ఎముకతో కలిపి కీలును అదుపులో ఉంచే పట్టీ లిగమెంట్, అనగా సంధిబంధనం. ఎముకల కొనలపై నునుపైన పూతగా ఉండేది మృదులాస్థి. మోకాటిలో వీటికి తోడు మెనిస్కస్ అనే అర్ధచంద్రాకారపు మెత్తలు రెండు ఉంటాయి.

వీటన్నిటికీ రక్తప్రసరణ ఒకే విధంగా ఉండదు. కండరానికి రక్తం సమృద్ధిగా అందుతుంది కనుక అది త్వరగా కోలుకుంటుంది. స్నాయుబంధనానికి, సంధిబంధనానికి తక్కువగా అందుతుంది. మృదులాస్థికి సొంత రక్తనాళాలే లేవు. పిక్క కండరం కొద్దిగా చిరిగిన వ్యక్తి రెండు మూడు వారాలలో తేరుకోగా, మడమ వెనుక నొప్పి నెలల తరబడి వేధించడానికి ఇదొక ముఖ్య కారణం.

గాయం మానే ప్రక్రియలో మూడు దశలు కనిపిస్తాయి. మొదటి కొద్ది రోజులు వాపు దశ. రక్తంతో వచ్చిన కణాలు చెడిన పదార్థాన్ని తొలగించి మరమ్మతుకు రంగం సిద్ధం చేస్తాయి. తరువాతి కొన్ని వారాలు పునర్నిర్మాణ దశ. కొలాజెన్ అనే మాంసకృత్తు పోగులు ఏర్పడతాయి కాని, అవి చిక్కుపడిన నూలువలె క్రమం లేకుండా ఉంటాయి. మూడవది నెలల తరబడి, ఒక్కొక్కప్పుడు సంవత్సరం వరకు సాగే పరిపక్వ దశ. మగ్గం మీద లాగి కట్టిన కొద్దీ నూలు పోగులు వరుసకు వచ్చినట్లు, ఈ దశలో కొలాజెన్ పోగులు తమపై పడే బరువు దిశను అనుసరించి సర్దుకుంటాయి. బరువే పడకపోతే ఆ వరుస కుదరదు. మితిమీరి పడితే పోగు మళ్లీ తెగుతుంది. శస్త్రచికిత్స లేని క్రీడావైద్యం యావత్తూ ఈ ఒక్క సూత్రం చుట్టూ తిరుగుతుంది.

మొదటి మూడు రోజులు

1978లో అమెరికన్ వైద్యుడు గేబ్ మిర్కిన్ విశ్రాంతి, మంచు, కట్టు, ఎత్తులో ఉంచడం అనే నాలుగు సూచనలను ఆంగ్ల అక్షరాల కూర్పుతో ‘రైస్’ అన్న పేరిట ప్రచారంలోకి తెచ్చారు. మూడు దశాబ్దాలకు పైగా అది వేదవాక్యంగా చెలామణి అయింది. 2014లో ఆయనే తన అభిప్రాయాన్ని సవరించుకొని, మంచు, పూర్తి విశ్రాంతి రెండూ గాయం మానడాన్ని ఆలస్యం చేయవచ్చునని వ్రాశారు. వాపు అనేది మరమ్మతులో భాగమే కనుక దానిని పూర్తిగా అణచివేయడం మంచిది కాదన్నది ఈ మార్పుకు మూలం.

2012లో వెలువడిన మరొక సూత్రం విశ్రాంతికి బదులుగా ‘తగినంత భారం’ అన్న మాటను ప్రవేశపెట్టింది. 2019లో కెనడాకు చెందిన ఇద్దరు చికిత్సకులు మరింత ముందుకు వెళ్లి, రోగికి గాయం గురించి వివరించడం, ధైర్యం కలిగించడం, రక్తప్రసరణ పెంచే వ్యాయామం చేయించడం కూడా చికిత్సలో భాగమేనని ప్రతిపాదించారు.

ఆచరణలో దీని అర్థం సులభమే. మొదటి ఒకటి రెండు రోజులు గాయపడిన భాగాన్ని కాపాడుకోవాలి. కట్టు కట్టి, పడుకొన్నప్పుడు ఎత్తులో ఉంచాలి. నొప్పి భరించరానిదైతే పది పదిహేను నిమిషాలు గుడ్డలో చుట్టిన మంచు పెట్టుకొనడంలో తప్పులేదు. అది నొప్పిని తగ్గిస్తుందే తప్ప గాయాన్ని మాన్పదు. ఆ రోజులలో వేడి కాపడం, గట్టిగా మర్దన, మద్యపానం పనికిరావు. తైలం పట్టించి బలంగా రుద్దడం మన ఇళ్లలో అలవాటు. చిరిగిన కండరాన్ని తొలి రోజులలో అలా రుద్దితే లోపలి రక్తస్రావం పెరుగుతుంది.

ఇబుప్రొఫెన్ వంటి మాత్రల విషయంలో కూడా జాగ్రత్త అవసరం. టెక్సాస్ ఎండలో చెమటోడ్చి ఆడి, ఒంట్లో నీరు తగ్గిన స్థితిలో వాటిని మింగితే మూత్రపిండాలకు హాని కలుగవచ్చు. రక్తపోటు, మధుమేహం, కడుపులో పుండు ఉన్నవారు డాక్టరును అడగకుండా వాడరాదు.

మడమ మెలిపడినప్పుడు ఎముక విరిగిందేమోనన్న భయం సహజం. 1992లో కెనడాలోని ఒటావా నగర వైద్యులు ఇందుకొక సులభమైన పద్ధతిని రూపొందించారు. చీలమండ వద్ద నొప్పి ఉండి, దానికి ఇరువైపులా ఉబ్బుగా కనిపించే ఎముకల వెనుక అంచునో కొననో నొక్కితే నొప్పి కలిగినా, గాయపడిన వెంటనే గాని డాక్టరు వద్ద గాని నాలుగు అడుగులు వేయలేకపోయినా ఎక్స్‌రే అవసరం. పాదం మధ్యభాగపు ఎముకలకు కూడా ఇటువంటి పరీక్షే ఉన్నది. ఈ లక్షణాలేవీ లేనివారికి ఎముక విరిగే అవకాశం చాలా తక్కువ.

భారమే ఔషధం

మడమ వెనుక ఉండే అకిలిస్ టెండన్ నొప్పికి 1998లో స్వీడన్ దేశపు శస్త్రవైద్యుడు హోకన్ ఆల్‌ఫ్రెడ్‌సన్ ప్రచురించిన చికిత్స ఈ రంగంలో ఒక మలుపు. ఆయన స్వయంగా ఆ నొప్పితో బాధపడి ఆపరేషన్ కోరితే పై అధికారి నిరాకరించారనీ, టెండన్ తెగితేనైనా ఆపరేషన్ చేస్తారన్న పట్టుదలతో దానిపై బరువు మోపుతూ వ్యాయామం చేస్తే చిత్రంగా నొప్పే మాయమైందనీ చెబుతారు. వ్యాయామం ఇది: మెట్టు అంచున మునివేళ్లపై నిలబడి, నొప్పి ఉన్న కాలిపై బరువు ఉంచి మడమను నెమ్మదిగా మెట్టు దిగువకు దించడం. పైకి లేవడానికి రెండవ కాలి సాయం తీసుకోవాలి. మోకాలు నిటారుగా ఉంచి 15 సార్ల చొప్పున మూడు వరుసలు, కొద్దిగా వంచి మరో మూడు వరుసలు, రోజుకు రెండు పూటలు, 12 వారాలు. ఆ తొలి పరిశోధనలో పాల్గొన్న 15 మందీ తిరిగి పరుగులోకి వచ్చారు.

రోజుకు 180 సార్లు చేయడం ఉద్యోగులకు కష్టమే. 2015లో డెన్మార్క్ పరిశోధకులు వారానికి మూడుసార్లు మాత్రమే, ఎక్కువ బరువుతో, నెమ్మదిగా చేసినా ఫలితం సమానంగా ఉంటుందని చూపారు. కనుక ముఖ్యమైనది వ్యాయామం పేరు కాదు; క్రమంగా పెరిగే భారం, విడువని అభ్యాసం.

మోతాదు తెలిసికొనడానికి నొప్పే కొలబద్ద. అసలు నొప్పి లేకపోవడాన్ని సున్నాగా, భరించలేని నొప్పిని పదిగా లెక్కిస్తే, వ్యాయామ సమయంలో మూడు వరకు నొప్పి సాధారణంగా అంగీకరించదగినది. అది మరునాటి ఉదయానికి పూర్వస్థితికి రావాలి. అలా రాకపోతే మోతాదు ఎక్కువైనట్లు, తగ్గించుకోవాలి. రెండు మూడు రోజులు సుఖంగా గడిస్తే కొద్దిగా పెంచుకోవాలి. వంటలో ఉప్పు వంటిదే ఈ భారం: లేకపోతే రుచి లేదు, మించితే నోట పెట్టలేము.

పూర్తి విశ్రాంతి కూడా ఉచితంగా లభించేది కాదు. కాలు కదలకుండా కట్టివేస్తే రెండు వారాలకే తొడ కండరం కంటికి కనిపించేటంతగా సన్నగిల్లుతుంది. బలహీనపడిన కండరం కీలును కాపాడలేదు. మరొక గాయానికి అదే దారి తీస్తుంది.

ఎవరి వద్దకు వెళ్లాలి?

అమెరికాలో శస్త్రచికిత్స చేయని క్రీడావైద్యుల శాఖ ఒకటి ఉన్నది. కుటుంబవైద్యం, శిశువైద్యం వంటి విభాగాలలో శిక్షణ పొందినవారు మరికొంత కాలం క్రీడావైద్యం అభ్యసించి, 1993లో మొదలైన ప్రత్యేక పరీక్షలో ఉత్తీర్ణులు కావాలి. మొదటి సలహాకు వీరు తగినవారు. కొందరు డాక్టర్ల పేరు చివర ఎం.డి.కి బదులు డి.ఓ. అని కనిపించినప్పుడు మనవారు సందేహిస్తారు. ఆస్టియోపతిక్ విధానంలో చదివిన వీరు కూడా మందులు వ్రాసేందుకు, శస్త్రచికిత్స చేసేందుకు సంపూర్ణ అర్హత గల వైద్యులే. ఇర్వింగ్‌కు సమీపాన గల ఫోర్ట్ వర్త్‌లో 1970లోనే ఈ విద్యకు ఒక కళాశాల వెలసింది.

వ్యాయామ చికిత్స నేర్పేవారు ఫిజికల్ థెరపిస్టులు. 2019 సెప్టెంబరు నుండి అమలులోకి వచ్చిన టెక్సాస్ చట్టం ప్రకారం, అర్హతగల థెరపిస్టు డాక్టరు చీటీ లేకుండానే పది పనిదినాలు, అదనపు శిక్షణ పొందినవారు పదిహేను పనిదినాల వరకు చికిత్స చేయవచ్చు. బీమా కంపెనీ నియమాలు వేరుగా ఉండవచ్చు కనుక ముందుగా విచారించుకోవడం మంచిది. బీమా కొద్దిసార్లకే పరిమితమైతే, మొదటి రోజే ఇంటి వద్ద చేయవలసిన వ్యాయామాల పట్టికను, మోతాదు పెంచే పద్ధతిని అడిగి వ్రాయించుకొనడం వివేకం.

సూదిమందులు – ఆశలు, పరిమితులు

మోచేతి వెలుపలి నొప్పిని టెన్నిస్ ఎల్బో అంటారు. రోజంతా మౌస్ కదిలించేవారికి, బ్యాడ్మింటన్ ఆడేవారికి ఇది పరిచితమే. స్టెరాయిడ్ ఇంజెక్షను ఇస్తే కొద్ది వారాలలో నొప్పి మాయమవుతుంది. అయితే ఆస్ట్రేలియాలో 165 మందిపై జరిపి 2013లో ప్రచురించిన పరిశోధన ఒక హెచ్చరిక చేసింది. సంవత్సరం గడిచేసరికి స్టెరాయిడ్ తీసుకొన్నవారిలో 54 శాతం మందికి నొప్పి తిరగబెట్టగా, ఉత్తుత్తి ఇంజెక్షను తీసుకొన్నవారిలో 12 శాతం మందికే అలా జరిగింది. తాత్కాలిక సుఖానికి చెల్లించిన మూల్యం అది. మధుమేహం ఉన్నవారికి ఈ ఇంజెక్షను తరువాత కొద్ది రోజులు రక్తంలో చక్కెర పెరుగుతుంది.

రోగి రక్తం నుండే ప్లేట్‌లెట్లను వేరుచేసి గాయపడిన చోట ఎక్కించే పద్ధతి ఇటీవల బాగా ప్రచారంలో ఉన్నది. దీర్ఘకాలిక అకిలిస్ నొప్పి గల 54 మందిపై నెదర్లాండ్స్‌లో జరిపి 2010లో ప్రచురించిన పరిశోధనలో దానికీ ఉప్పునీటి ఇంజెక్షనుకూ తేడా కనిపించలేదు. ఇతర గాయాలలో ఫలితాలు భిన్నంగా ఉన్నాయి. చేతి డబ్బు ఖర్చు చేసే ముందు, ఫలానా గాయానికి దాని వలన ప్రయోజనం రుజువైనదా అని డాక్టరును సూటిగా అడగాలి.

స్వదేశం నుండి మందుల పట్టీలు తెచ్చుకొనే అలవాటు గలవారు గమనించవలసిన సంగతి మరొకటి ఉన్నది. సిప్రోఫ్లాక్సాసిన్ వర్గపు యాంటీబయాటిక్‌లు టెండన్ తెగడానికి దారితీయవచ్చునని 2008లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ తీవ్ర హెచ్చరికను ముద్రింపజేసింది. విరేచనాలకో జ్వరానికో సొంతంగా ఆ మాత్రలు మింగి, ఆ వారమే ఆటకు దిగడం ప్రమాదకరం.

కత్తి ఎప్పుడు అవసరం?

ఈ ప్రశ్నకు టెక్సాస్ గడ్డ మీదనే ఒక చారిత్రక సమాధానం లభించింది. హ్యూస్టన్‌లోని మాజీ సైనికుల ఆసుపత్రిలో అరిగిన మోకాళ్లతో బాధపడే 180 మందిని మూడు వర్గాలుగా విభజించారు. కొందరికి మోకాటిలో గొట్టంతో శుభ్రపరిచే ఆపరేషన్, కొందరికి నీటితో కడగడం, కొందరికి చర్మంపై గాట్లు మాత్రమే పెట్టి నిజమైన ఆపరేషన్ జరిగినట్లు భ్రమ కల్పించారు. 2002లో ప్రచురించిన ఫలితం వైద్యలోకాన్ని నివ్వెరపరచింది. రెండేళ్ల తరువాత మూడు వర్గాలవారి నొప్పిలోనూ, నడకలోనూ తేడా లేదు. 2013లో ఫిన్లాండ్ వైద్యులు వయసుతోపాటు అరిగి చిరిగిన మెనిస్కస్ గల 146 మందిపై ఇదే విధంగా పరీక్షించి, ఆపరేషన్ వలన అదనపు ప్రయోజనం లేదని తేల్చారు. నలభై దాటినవారి ఎం.ఆర్.ఐ. చిత్రంలో మెనిస్కస్ చిరుగు కనిపించినంత మాత్రాన నొప్పికి అదే కారణమని భావించరాదు. నొప్పి లేనివారిలో సైతం అటువంటి చిరుగులు తరచుగా ఉంటాయి.

మోకాటి మధ్యనుండే ఏ.సి.ఎల్. సంధిబంధనం తెగితే సమస్య క్లిష్టమైనది. స్వీడన్‌లో 121 మంది యువకులపై జరిపిన పరిశోధన 2010లో వెలువడింది. వెంటనే ఆపరేషన్ చేయించుకొన్నవారు, ముందుగా వ్యాయామ చికిత్స పొంది అవసరమైతేనే ఆపరేషన్‌కు వెళ్లినవారు రెండేళ్ల తరువాత సమానంగా ఉన్నారు. అయిదేళ్లకు రెండవ వర్గంలో సుమారు సగం మందికి ఆపరేషన్ అవసరమైంది. మిగిలిన సగం మందికి కత్తి తగలనే లేదు. మోకాలు తరచు జారిపోతున్నా, దిశ మార్చి పరుగెత్తే ఆటలే జీవితమైనా శస్త్రచికిత్స ఉచితమే. పుల్లెల గోపీచంద్ 1994లో మోకాటికి తీవ్రమైన గాయమై శస్త్రచికిత్స చేయించుకొని, 2001లో ఆల్ ఇంగ్లండ్ బ్యాడ్మింటన్ విజేత అయ్యారు. కత్తి తరువాత కూడా ఆయనకు సుదీర్ఘమైన వ్యాయామ సాధన తప్పలేదన్నది మరువరాదు.

అకిలిస్ టెండన్ పూర్తిగా తెగినవారిపై నార్వేలో జరిపిన పెద్ద పరిశోధన 2022లో వెలువడింది. సంవత్సరం తరువాత కాలి పనితీరు ఆపరేషన్ చేసినా చేయకున్నా ఒకే విధంగా ఉన్నది. కాని ఆపరేషన్ లేనివారిలో 6.2 శాతం మందికి టెండన్ మళ్లీ తెగగా, ఆపరేషన్ చేయించుకొన్నవారిలో అది 0.6 శాతమే. మరోవైపు శస్త్రచికిత్సలో నరాలు దెబ్బతినే ప్రమాదం ఎక్కువ. రెండు మార్గాలకూ లాభనష్టాలు ఉన్నవి. ఏ నష్టాన్ని భరించగలమన్నది వయసును, వృత్తిని, ఆటను బట్టి రోగి, వైద్యుడు కలిసి నిర్ణయించుకోవలసిన విషయం.

ఆలస్యం చేయరాని లక్షణాలు

కత్తి లేని వైద్యం అన్నది వైద్యుడే లేని వైద్యం కారాదు. కీలు ఆకారం మారినా, బరువు మోపలేకపోయినా, మోకాలు బిగుసుకొని చాపలేకపోయినా, గాయపడిన కొద్ది గంటలలోనే మోకాలు బాగా ఉబ్బినా వెంటనే చూపించుకోవాలి. ఎవరో వెనుక నుండి తన్నినట్లు మడమ పైన ‘ఫట్’మని శబ్దం వచ్చి, మునివేళ్లపై లేవలేకపోతే అకిలిస్ తెగి ఉండవచ్చు. అటువంటప్పుడు శస్త్రచికిత్స చేసినా, మానినా చికిత్స తొలి రోజులలోనే మొదలు కావాలి. జ్వరంతో కూడిన ఎర్రని, వేడి కీలు, తిమ్మిరి, రాత్రి నిద్రపోనీయని నొప్పి కూడా ఉపేక్షించదగినవి కావు.

హైదరాబాదు నుండి సుదీర్ఘ విమాన ప్రయాణం చేసి వచ్చిన తరువాత ఒక పిక్క మాత్రమే వాచి నొప్పి పుడితే, దానిని ఆటలో పట్టివేతగా భావించి రుద్దరాదు. అది సిరలో గడ్డకట్టిన రక్తం కావచ్చు. దానితోపాటు ఆయాసం, ఛాతీ నొప్పి కలిగితే 911కు ఫోన్ చేయాలి. ఎడమ భుజంలో నొప్పితోపాటు చెమటలు, గుండెలో బరువు ఉన్నప్పుడు కూడా అంతే. మధుమేహం గలవారిలో భుజం క్రమేణా బిగుసుకుపోవడం గాయం వలన కాకపోవచ్చు. దాని చికిత్స వేరు.

తిరిగి మైదానంలోకి

నొప్పి తగ్గడం, గాయం మానడం ఒకటి కావు. కీలు పూర్తిగా వంగి చాచుకోవాలి. గాయపడిన కాలి బలం రెండవ కాలితో ఇంచుమించు సమానం కావాలి. ఒంటికాలి గెంతు, పరుగు, హఠాత్తుగా ఆగడం, దిశ మార్చడం భయం లేకుండా చేయగలగాలి. ఆ తరువాత సాధన, అటుపైన స్వల్పకాలపు ఆట, చివరకు పూర్తి ఆట. 2022 ఆగస్టులో బర్మింగ్‌హామ్ కామన్‌వెల్త్ క్రీడలలో స్వర్ణం గెలిచిన పి.వి.సింధు ఎడమ కాలి ఎముకలో ఏర్పడిన ఒత్తిడి పగులు కారణంగా ఆ నెలలోనే జరిగిన ప్రపంచ పోటీలను వదులుకొని, 2023 జనవరిలో గాని పోటీలలోకి తిరిగి రాలేదు. ప్రపంచ విజేతకే అయిదు నెలలు అవసరమైనప్పుడు, వారాంతపు ఆటగాడు అయిదు వారాలు ఓపిక పట్టడంలో చిన్నతనం లేదు.

రాకముందే అడ్డుకొనడం అన్నిటికంటె చౌక. డెన్మార్క్‌లో 942 మంది ఫుట్‌బాల్ ఆటగాళ్లపై జరిపి 2011లో ప్రచురించిన పరిశోధనలో, మోకాళ్లపై నిలిచి మడమలను మరొకరు అదిమి పట్టుకొనగా దేహాన్ని నెమ్మదిగా ముందుకు వాల్చే వ్యాయామం చేసిన వర్గంలో తొడ వెనుక కండరపు గాయాలు 15 కాగా, చేయని వర్గంలో 52. ఏ పరికరమూ అవసరం లేని సాధన అది. శనివారపు ఆటకు ముందు పది నిమిషాల సన్నాహం, వారం మధ్యలో రెండు రోజులు కాళ్లకు, భుజాలకు బలమిచ్చే వ్యాయామం, ఇర్వింగ్‌లో ట్రినిటీ నది వెంబడి సాగే క్యాంపియన్ బాట మీద నడకో పరుగో — ఇవి కుర్చీకి అలవాటు పడిన దేహాన్ని ఆటకు సిద్ధం చేస్తాయి.

మొక్కై వంగనిది మానై వంగునా అన్న సామెత దేహం విషయంలో పూర్తిగా నిజం కాదు. కండరం ఏ వయసులోనైనా బలపడుతుంది. స్నాయువు నెమ్మదిగానైనా భారానికి అలవాటు పడుతుంది. అందుకు కావలసినది సరియైన నిర్ధారణ, కొలిచి వేసిన భారం, నెలల లెక్కన ఓపిక. నిదానమే ప్రధానమన్న మన పెద్దల మాట గాయపడిన ఆటగానికి మొదటి మందు.